కడగని చేతులు

"మూలనున్న సంచీలో ఉల్లితొక్కలన్నీ పొయ్యిలో పెట్టేశా. బలే అంటుకున్నాయి," అన్నాడు గేనా, ఆవిరిస్నానాల గది బాన్యా గుమ్మం దగ్గర బూట్లకంటిన బూడిద దులుపుకుంటూ.

నేను పాల బాల్చీతో కొట్టంలోంచి వస్తున్నాను. బాన్యా పొగగొట్టంలోంచి పొగ నిటారుగా పైకి పోతోంది. రేపు శుభ్ర గురువారం, మా పాస్కాకి, అంటే ఈస్టరుకి ముందొచ్చే గురువారం. పొద్దు పొడవకముందే ఇంట్లో అందరి స్నానాలూ అయిపోవాలి. అందుకని మా ఆయన ఈ సాయంత్రమే పొయ్యి వెలిగించి రాళ్ళు వేడెక్కుతున్నాయో లేదో చూసుకున్నాడు. తన పని తను చేశాడు.

"ముట్టుకోవద్దని రాసిపెట్టాను కదా గేనా."

"దేని మీద?"

"సంచీ మీద."

"తొక్కల మీద ఎవరన్నా రాస్తారటే?" నవ్వాడు. కోపంతో కాదు, వెటకారంతోనూ కాదు. నిజంగానే నవ్వొచ్చి నవ్వాడు. "కావాలంటే మళ్ళీ ఒలుచుకో. కొట్లో ఉల్లిపాయలున్నాయిగా."

ఆరు నెలల తొక్కలవి. ఏటా ఉన్న అలవాటు కొద్దీ అక్టోబరు నుంచీ ఇంట్లో తరిగిన ప్రతి ఉల్లిపాయకీ, పిల్లల బడి వంటింట్లో తరిగిన ప్రతి ఉల్లిపాయకీ పైన ఎండు తొక్క చిట్లకుండా ఒలిచి, జేబులో వేసుకుని తెచ్చి ఆ సంచీలో పోశాను. ఇరవై ముగ్గురు పిల్లలు గుడ్లకి వేసుకునేంత రంగు రావాలంటే అంత కావాలి.

మా అత్తగారు ప్రస్కోవ్యా వసారాలో బల్ల మీద కూర్చుని పండగ రొట్టెలోకి ఎండుద్రాక్ష ఏరుతోంది. మా వైపు మొగుడి తల్లిని కూడా అమ్మా అనే పిలుస్తాం. "దుకాణంలో రంగు పొట్లాలు తెచ్చాంగా, ఎర్రదీ పచ్చదీ," అంది తలెత్తకుండా. "ఇంకా తొక్కలెందుకు? పూర్వం ఏం లేక వాడేవాళ్ళం."

"ఇంటికి కాదమ్మా. బడికి."

"ఆఁ, బడికి," అంది. ఇంకో పుల్ల ఏరి పక్కన పడేసింది.

నేను పాలు వడగట్టి, గిన్నె మీద మూతపెట్టి, శాలువా కప్పుకుని బయటికి నడిచాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో సాయంత్రాలు నేను బయటికెళ్తే నీళ్ళకో, గడ్డికో, కోడి ఎటన్నా పోతే వెతకడానికో అనుకుంటారు.

నాకు నలభై ఆరేళ్ళు. పందొమ్మిదేళ్ళుగా మా ఊరి పిల్లల బడిలో ఆయాని. టీచర్లు నలుగురు మారారు, నేను మారలేదు. ఫిబ్రవరిలో మా హెడ్ బురుల్ ఎజె నన్ను గదిలోకి పిలిచింది. ఎజె అంటే అక్క. కిర్గిజు వాళ్ళయినా రష్యను వాళ్ళయినా ఊళ్ళో అందరం ఆమెని అలాగే పిలుస్తాం. శరత్కాలంలో చిన్నపిల్లల తరగతికి టీచరు కావాలి, పట్నం నుంచి ఎవరూ రారు, నువ్వెందుకు కాకూడదూ అంది. కరాకోల్‌లో మూడు నెలల కోర్సు, ఉండడానికి హాస్టలు ఇస్తారు. కాకపోతే ముందు జిల్లా ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి నేను ఒక్క పాఠం చెప్పడం చూడాలి. బాగుందంటేనే పంపుతారు. నలభై ఏడు నిండిన వాళ్ళని పంపరు. ఆగస్టుకి నాకు నలభై ఏడు.

ఆ రోజు ఇంటికొచ్చి గేనాతో చెప్పాను. సూప్ తాగుతూ విన్నాడు. "పాఠమా? నువ్వా? మంచిదేగా, చెప్పు," అన్నాడు. చిన్నపిల్ల రొట్టె తనే చేస్తానంటే చెయ్యమ్మా అంటాం చూడండి, అలాగ. కోర్సు మాట చెవిలో పడిందో లేదో తెలీదు. పడినా, మంచు కరిగినట్టు అదే కరిగిపోతుందని ఊరుకున్నాడేమో.

మార్చి ఆఖర్లో, ఏం పాఠం చెప్తావని బురుల్ ఎజె అడిగితే గుడ్లకి రంగులేయడం అన్నాను. నాకు బాగా వచ్చింది అదొక్కటే. మా అమ్మ నేర్పింది. తెల్ల గుడ్డు మీద లేత ఆకు తడిపి అతికించి, పాత మేజోడు ముక్కలో బిగించి, దారంతో ముడేసి, ఉల్లితొక్కల కషాయంలో ముంచితే, విప్పేసరికి గుడ్డంతా ఎర్రమట్టి రంగు తేలి ఆకు ఉన్నచోట మాత్రం ఈనెలతో సహా తెల్లగా నిలుస్తుంది. మూడేళ్ళ పిల్ల కూడా చేయగలదు. "కాగితం మీద పాస్కా అని రాయకు తాయా, ప్రభుత్వ బడి," అంది ఎజె. "వసంతం అని రాయి. గుడ్డు ఏ పేరుతో పిలిచినా గుడ్డే. మొన్న మా వసంత పండగ నౌరుజ్‌కి మీ వాళ్ళు తిన్నారు, ఇప్పుడు మీ గుడ్లు మా వాళ్ళు తింటారు."

ఆ సాయంత్రం నేను నడిచింది చెరువు గట్టు అవతల జుహరా ఉల్లిపాయల కొట్టుకి. దుంగాన్ వాళ్ళు, ఎప్పుడో చైనా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు, తాతల నాటి నుంచీ ఉల్లి పండిస్తారు. వసంతం వచ్చేసరికి సరుకంతా అమ్ముడైపోయి కొట్టు ఖాళీగా ఉంది. నేలంతా మడమ లోతు తొక్కలు.

"వీటికి నన్నడగడమెందుకే, చీపురు అక్కడుంది," అంది జుహరా. "పనిలో పనిగా కొట్టంతా ఊడ్చిపెట్టు."

కొట్టంతా ఊడ్చాను. దుమ్ము ముక్కుల్లోకి పోయి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఊడుస్తుంటే మధ్యలో ఒకసారి ఆగి చీపురు మీద ఆనుకుని నిలబడ్డాను. ఎందుకో తెలీదు. బయట జుహరా తన కోడలితో ఏదో చెప్పి నవ్వుతోంది, వాళ్ళ భాష నాకు సగమే అర్థమవుతుంది. నాకొక ఆలోచన వచ్చింది. నేను ఇవాళ ఏం పోగొట్టుకుని ఏం వెతుక్కుంటున్నానో ఈ ఊళ్ళో ఒక్క మనిషికీ తెలీదు కదా అని. గేనాకి తెలీదు, పొయ్యి బాగా అంటుకుందని తెలుసు. అత్తగారికి తెలీదు. జుహరాకి నేను తొక్కలు అడిగానని తెలుసు, అంతే. ఇరవై నాలుగేళ్ళు ఒక ఇంట్లో మనుషుల మధ్య ఉన్నాను. పగలంతా ఇరవై ముగ్గురు పిల్లల మధ్య ఉంటాను, నా ఒళ్ళో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఒంటరితనం అనే మాట నాకు నప్పదు, ఎవరన్నా వింటే నవ్వుతారు. మరి ఆ ఖాళీ కొట్లో చీపురు మీద ఆనుకుని నిలబడ్డ ఆ కాసేపు, ఇదేగా రోజూ ఉన్నది, ఇవాళ చుట్టూ ఎవరూ లేరు గనక కనిపించింది అనిపించింది. తరవాత రెండు సంచీలు నింపుకుని ఇంటికొచ్చాను.

తెల్లవారుజామున స్నానాలు. ముందు అత్తగారు, తరవాత గేనా, చివర నేను. నీళ్ళు మోసేది నేనే గనక చివర మిగిలినవి నావి. రాళ్ళు చల్లబడ్డాయి. గోరువెచ్చటి నీళ్ళతో తల రుద్దుకుని, తడిజుట్టు మీదే శాలువా చుట్టి, ఆవుకి గడ్డివేసి బడికి పోయాను. ఆ రోజు తిరునాళ్ళకి పోయే పిల్లలా గుండె దడదడలాడింది. అది మాత్రం చెప్పాలి.

బడి వంటింట్లో పెద్ద జామ్ గిన్నెలో తొక్కలు ఉడికించి, వడగట్టి, కాస్త వెనిగర్ పోసి పక్కన పెట్టాను. పిల్లల చెయ్యి పట్టే వేడికి చల్లారాలి. గుడ్లు ముందు రోజే ఉడకబెట్టి పెట్టాను, అన్నీ తెల్లవి. గోధుమరంగు గుడ్డు ఈ రంగు సరిగ్గా పట్టదు, అందుకని తెల్లకోళ్ళున్న ఇళ్ళన్నీ తిరిగి సేకరించాను. కొత్తిమీర ఆకులు, అప్పుడే మొలిచిన డాండెలయన్ ఆకులు తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. మేజోళ్ళు కత్తిరించి ఇరవై ఆరు ముక్కలు చేశాను. మూడు ఎక్కువ, చిరిగితే ఉంటాయని.

బురుల్ ఎజె వచ్చి అందరి ముందూ చెప్పింది, "ఇవాళ పొద్దున్న తాయా టీచరు. నుర్జమాల్ ఆయా. పదకొండు దాకా."

నుర్జమాల్ మా టీచరు. ఇరవై ఆరేళ్ళు, మంచి పిల్ల. పాటలు బాగా పాడుతుంది, పిల్లలకి ఆమె అంటే ప్రాణం. నా ఏప్రన్ తీసి కట్టుకుని అద్దంలో చూసుకుని నవ్వింది. "తాయా పిన్నీ, నాకు బాగుందా? ఒక ఫోటో తియ్యవూ," అంది. తీశాను.

తొమ్మిదిన్నరకి మా పిల్లల్లో తిలెక్ అనేవాడి నాయనమ్మ వచ్చింది, పెద్ద పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని. గురువారం కదా. కిర్గిజు ఇళ్ళల్లో ఆ రోజు నూనె కాచి బోర్సోకులు, అంటే పులిసిన పిండి ముక్కలు, వేయిస్తారు, ఆ వాసన చనిపోయినవాళ్ళకి చేరుతుందని. వేయించినవి పిల్లలకి పంచితే ఇంకా మంచిది. "మా ఆయనకి, మా పెద్దాడికి," అంది ముసలమ్మ, చేతులు మొహం మీద రాసుకుంటూ. పిల్లలు ఎగబడ్డారు. వేడివేడివి, ఉబ్బి బంగారంలా ఉన్నాయి. ఒక్కొక్కరూ మూడేసి తిన్నారు. నేనూ ఒకటి తిన్నాను. మా గురువారం, వాళ్ళ గురువారం ఒకే రోజు పడ్డాయని ఆ ముసలమ్మతో అంటే, "అన్నిటికీ ఒకటే గురువారం కదమ్మా," అంది.

పదింటికి జిల్లా ఆవిడ వచ్చింది. యాభై ఐదేళ్ళుంటాయి, బూట్లు బురద కాకుండా సంచీలో వేరే చెప్పులు తెచ్చుకుంది. చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని నోటుబుక్కు తీసింది.

"పేరు?"

"తాయా."

"పూర్తి పేరు చెప్పండి. తండ్రి పేరుతో."

టీచర్లని తండ్రి పేరు కలిపి పిలుస్తారు, ఆయాలకి పిన్ని చాలు. ఒక్క క్షణం తడుముకున్నాను. "తైసియా పావ్లోవ్నా," అన్నాను. ఆమె రాసుకుంది. మా నాన్న పేరు ఆ గదిలో పలకడం అదే మొదటిసారి.

నేను బల్ల దగ్గర నిలబడ్డాను. ఒక గుడ్డు పైకెత్తి చూపించాను. ఇది తెల్లగా ఉంది, ఇప్పుడు ఇది ఒక ఆకుని గుర్తుపెట్టుకుంటుంది, ఎలాగో చూద్దామా అన్నాను. అంతకు ముందు రాత్రి పడుకుని అనుకున్న మాటలు చాలా ఉన్నాయి, అవన్నీ పోయాయి, ఈ ఒక్కటే వచ్చింది. అది చాలింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఇద్దరిద్దరు జంటలుగా కూర్చోబెట్టాను. ఒకరు గుడ్డు పట్టుకోవాలి, ఒకరు ఆకు అతికించాలి, తరవాత మారాలి. బెగాయిమ్ అనే పిల్ల ఎప్పుడూ ఏడుస్తూ ఉంటుంది, ఆ పిల్ల నాలుక బయటపెట్టి అరచేత్తో గుడ్డుని మాటిమాటికీ నిమురుతూ ఆకు అంటించింది. మకార్ ఆకు తినేశాడు. ఇంకోటిచ్చాను. మేజోడు ముడులు నేనూ నుర్జమాల్ వేశాం. గరిటె మీద పెట్టుకుని ఒక్కొక్కరూ వచ్చి తమ గుడ్డుని గిన్నెలోకి దించారు, నీళ్ళలోకి చేపపిల్లని వదిలినట్టు. ఎవరూ తోసుకోలేదు. పాలు ఒలికినప్పుడు, పంటికి దెబ్బ తగిలినప్పుడు, ముక్కు కారినప్పుడు పిల్లలు నా వైపు చూడడం నాకు అలవాటే. ఏదో తెలుసుకోవడానికి చూడడం వేరుగా ఉంటుంది. ఒళ్ళు తేలికైపోయింది నాకు. ఇది నేను చేయగలను అనుకున్నాను. అనుకోవడం కాదు, కాలి కింద నేల తగిలినట్టు తెలిసింది.

రంగు పట్టేదాకా పిల్లల్ని ఆవరణలో ఆడించి, జిల్లా ఆవిడకి టీ ఇచ్చి, పావు తక్కువ పదకొండుకి అందరినీ మళ్ళీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాను. మొదటి ముడి తిలెక్‌ది. కత్తిరించి, మేజోడు ఒలిచి, ఆకు తీశాను.

ఆకు వచ్చింది. ఈనెతో సహా తెల్లగా వచ్చింది. కానీ దాని చుట్టూ ఎర్రరంగు మీద తెల్లటి మచ్చలు. ఒకచోట నాలుగు వరసగా, వెనక వైపు ఒకటి పెద్దది. రెండోది విప్పాను. అదీ అంతే. మూడోది బెగాయిమ్‌ది. అది సగం బోడిగా ఉండిపోయింది, గజ్జి పట్టినట్టు.

నాకు వెంటనే అర్థమైంది. నూనె. నూనె అంటిన చోట రంగు పట్టదు. అందుకే రంగంతా అయ్యాకే గుడ్డుకి నూనె రాసి మెరుపు తెస్తాం, ముందు రాయం. బోర్సోకులు తిన్న చేతులతో గుడ్లు పట్టుకున్నారు పిల్లలు. ఎవరూ చేతులు కడగలేదు.

అప్పుడు తిలెక్ తన గుడ్డుని మొహం దగ్గర పెట్టుకుని, తన వేలు ఆ మచ్చ మీద ఆనించి చూశాడు. సరిపోయింది. "ఇది నా వేలు," అన్నాడు. పక్కవాడు తన గుడ్డు లాక్కున్నాడు. "నాది కూడా. నా బొటనవేలు." ఇక ఆగలేదు, మిగిలినవన్నీ విప్పు విప్పు అని గోల. విప్పాను. ఇరవై మూడు గుడ్ల మీద ఇరవై ముగ్గురి వేళ్ళు. బెగాయిమ్ అరచెయ్యంతా పడింది. ఆ పిల్ల ఏడవలేదు.

జిల్లా ఆవిడ లేచి వచ్చింది. ఒక గుడ్డు తీసుకుని వేలితో రుద్ది, వాసన చూసింది. "నూనె," అంది. "పిల్లలు తిన్నాక చేతులు కడిగించలేదా?"

బురుల్ ఎజె నా వైపు చూసింది. నుర్జమాల్ నా వైపు చూసింది. నా ఏప్రన్ కట్టుకుని ఉండి కూడా నా వైపే చూసింది. వాళ్ళని చూసి జిల్లా ఆవిడ కూడా చూసింది. ఆ చూపులో కోపం లేదు. గంట మోగితే తలుపు వైపు చూస్తాం, అలాంటి చూపు. పందొమ్మిదేళ్ళుగా రోజుకి ఐదుసార్లు ఇరవై జతల చేతులు కడుగుతున్నాను. ఆ పని పాఠంలో రాయరు, ప్రణాళికలో ఉండదు, అది జరిగిందని ఎవరూ చెప్పరు, జరగలేదని ఎవరూ చెప్పాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. నుర్జమాల్‌ది తప్పనను. ఆమె ఎప్పుడూ కడిగిన చేతులే చూసింది. తిన్నాక పిల్లల చేతులు వాటంతటవే శుభ్రమవుతాయని అనుకుని ఉంటుంది, పాపం, సాయంత్రమైతే చీకటి పడినట్టు.

అలవాటు కొద్దీ క్షమించండి అనబోయాను. నోటిదాకా వచ్చింది. నాకే తెలీకుండా వేరే మాట వచ్చింది.

"చేతులు కడిగేది నేనండీ," అన్నాను. "ఇవాళ నేను ఇక్కడ నిలబడ్డాను."

జిల్లా ఆవిడ మళ్ళీ ఆ ఇరుకు కుర్చీలో కూర్చుని ఏదో రాసింది, రాస్తూ ఒకసారి ముక్కులోంచి చిన్నగా నవ్వింది. పోయేటప్పుడు గుమ్మంలో చెప్పులు మార్చుకుంటూ అంది, "పాఠం బాగుంది తైసియా పావ్లోవ్నా. గది నడపడం బాలేదు, అది వేరేవాళ్ళ కింద రాశాను. మే పదహారున మొదలు. పండగ వెళ్ళాక మంగళవారంలోగా వస్తున్నారో లేదో ఫోన్ చేసి చెప్పండి." ఒక గుడ్డు జేబులో వేసుకుని పోయింది.

నేను నేల తుడుస్తుంటే బురుల్ ఎజె పక్కకొచ్చి భుజం మీద చెయ్యేసింది. "చూశావా తాయా, గంటసేపు నువ్వు పక్కకి జరిగితే ఇదీ మా గతి. మూడు నెలలంటే ఈ బడి మూసుకోవాల్సిందే." మెచ్చుకోలుగానే అంది. కళ్ళలో తడి కూడా ఉంది. నన్ను రమ్మన్నది ఆవిడే, ఉండిపొమ్మంటున్నదీ ఆవిడే, రెండూ తెలీకుండానే.

ఇంట్లో ఎవరూ అడగలేదు. గురువారం సాయంత్రం పండగ రొట్టె పిండి కలుపుతూ ఎదురుచూశాను. ఎలా జరిగింది అని ఒక్క ముక్క. గేనా ట్రాక్టరు బెల్టు గురించి చెప్పాడు. శుక్రవారం ఉపవాసం, ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. శనివారం బుట్ట సర్దుకుని గుడికి పోయి రొట్టెల మీద తీర్థం చల్లించుకొచ్చాం. గుడి వరండాలో నిలబడ్డ ఆడవాళ్ళంతా ఒకరినొకరు రొట్టె ఎంత పొంగింది, పిండి ఎన్నిసార్లు కలిపావని అడుగుతున్నారు. నన్నూ అడిగారు. చెప్పాను. నేనే చెప్పొచ్చుగా, నోరుందిగా అనుకోవచ్చు మీరు. నిజమే. కానీ ఒకరు అడిగితే చెప్పడం వేరు, వినే మొహం లేనప్పుడు చెప్పడం వేరు. అలా చెప్పిన మాట చెప్పినచోటే పడి ఉంటుంది, మళ్ళీ మనమే వంగి తీసుకోవాలి.

ఆదివారం పొద్దున్న "క్రీస్తు లేచాడు" అంది అత్తగారు. "నిజంగా లేచాడు" అన్నాం, మూడేసి ముద్దులు పెట్టుకున్నాం. భోజనానికి కూర్చున్నాక గేనా ఉన్నట్టుండి, "బడిలో ఏదో పెద్ద గొడవ చేశావటగా," అన్నాడు. నుర్జమాల్ గుడ్ల ఫోటోలు పెట్టిందట, ట్రాక్టరు షెడ్డులో అందరూ చూశారట. "నువ్వు లేకపోతే పిల్లల చేతులు కడిగే దిక్కు కూడా లేదట. ఏం చెప్పాలి, మా ఆవిడంటే అంతే మరి." గర్వంగా చెప్పాడు. కప్పు ఎత్తి నా వైపు చూపించాడు.

"కోర్సుకి రమ్మన్నారు," అన్నాను. "మే పదహారు నుంచి. మూడు నెలలు కరాకోల్‌లో ఉండాలి."

"ఒక్క పూట లేకపోతేనే బడి అలా అయింది. ఇంక మేమెంత," అన్నాడు గేనా, అదే నవ్వుతో.

"నలభై ఆరేళ్ళకి కోర్సులేంటే," అంది అత్తగారు. ఆమె నవ్వలేదు. గుడ్డు తొక్క తీస్తున్న వేళ్ళు ఆగిపోయాయి. "నా మోకాళ్ళు చూస్తున్నావుగా. బాన్యా మెట్లు నన్నెవరు దించుతారు?" ఆ గొంతులో దెప్పు లేదు, భయం ఉంది. ఆమె మీద నాకు జాలేసింది, ఇప్పటికీ వేస్తుంది. సాయంత్రం బిష్కెక్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. పండగ మాటలయ్యాక, "అదేంటమ్మా, వేసవిలో నువ్వొచ్చి పాపని చూసుకుంటావనుకుని నేను డ్యూటీలు ఒప్పుకున్నానే," అంది.

గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. బురుల్ ఎజె, మా ఆయన, అత్తగారు, కూతురు, నలుగురూ ఒకే మాటన్నారు. నువ్వు లేకపోతే ఎలా. ఈ మాట ఇదివరకు చాలాసార్లు విన్నాను. పురిటికి వెళ్ళినప్పుడు విన్నాను, మా అమ్మ పోయినప్పుడు రెండు రోజులు ఎక్కువుంటానంటే విన్నాను. విన్నప్పుడల్లా లోపల వెచ్చగా ఉండేది. నేనంటే వీళ్ళకి ఇంత అని. గురువారం ఆ గుడ్ల మచ్చలు అందరూ చూశారు, పందొమ్మిదేళ్ళ నా పని మొదటిసారి కంటికి కనిపించింది. చూసి ఎవరన్నా అన్నారా, ఇంతకాలం ఇదంతా నువ్వొక్కదానివే చేశావా అని. అనలేదు. త్వరగా వచ్చి నీ చోట నిలబడు అన్నారు. అంటే నేను వాళ్ళకి కనపడేది ఒక లోటుగానే. ఆ లోటు పూడ్చుకోవడం వాళ్ళకి తెలిసిన ప్రేమ. దాంట్లో అబద్ధం లేదు. కానీ దాంట్లో నేను కూడా లేను. ఈ సంగతి అర్థమైనప్పుడు ఏడుపు రాలేదు. చలిగా అనిపించింది, తలుపు ఎవరో తెరిచి వదిలేసినట్టు.

మంగళవారం పొద్దున్నే బడి నుంచి జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. బురుల్ ఎజె పక్కనే నిలబడి వింది.

"మీ ఆయనకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"సూప్ చల్లారిపోతోందన్నాడు."

ఎజె నవ్వబోయి ఆపుకుంది. "మరి ఇక్కడ?" అంది నెమ్మదిగా. నాకూ తెలీదన్నాను. నిజంగానే తెలీదు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి నేను జవాబు వెతకకుండా ఊరుకోవడం అదే మొదలు.

జావ తిన్నాక పిల్లలు ఎప్పటిలాగే గోడవారగా వరసలో నిలబడ్డారు. అందరికంటే ముందు బెగాయిమ్. రెండు చేతులూ ముందుకు చాపి, మొహం పక్కకి తిప్పుకుని ఎటో చూస్తోంది. చేతులు నాకు అప్పజెప్పేసింది, అవి తనవి కానట్టు. నేను స్టూలు లాగి కుళాయి కింద పెట్టి ఆ పిల్లని ఎక్కించాను. చెయ్యి పట్టుకుని కుళాయి పిడి మీద పెట్టి వదిలేశాను.

"నువ్వే తిప్పు."

ఆ పిల్ల నా వైపు చూసింది. కుళాయి వైపు చూసింది.

"రాదు తాయా పిన్నీ."

"ఇటు కాదు, అటు. ఇంకొంచెం."

నీళ్ళు ఒక్కసారిగా వచ్చి గౌనంతా తడిసింది. వెనక వరసలో వాళ్ళు నవ్వారు. ఆ పిల్ల ఏడుద్దామా నవ్వుదామా అని కాసేపు ఆగి, సబ్బు అందుకుంది. ఆ ఒక్క జత చేతులకే ఏడు నిమిషాలు పట్టింది. ఇంకా ఇరవై రెండు జతలున్నాయి, మే పదహారుకి పదమూడు రోజులుంది. వీళ్ళకి ఎలాగో వచ్చేస్తుంది. ఇంట్లో వాళ్ళకే కష్టం, వాళ్ళు పెద్దవాళ్ళు.